తలకిందుల అఆలు

చిన్నప్పుడు నాకు తెలుగు తలకిందులుగా వచ్చేది. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు, ముసలావిడ ఏదో కల్పించి చెబుతోందనుకుంటారు. కల్పించలేదు. పందొమ్మిది వందల ముప్పైలలో, ఏలూరులో, నా చదువు ఒకటో తరగతిలోనే ఆగిపోబోయిన సంగతి ఇది.

బడి ఈడు వచ్చేదాకా నేను కొల్లేరు ఒడ్డున మా అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆ ఊరికి ఎండాకాలంలో బండి వచ్చేది, మిగతా రోజులన్నీ పడవే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మమ్మ చేటలో తవుడు పరిచి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేలు తన గుప్పిట్లో పట్టుకుని అక్షరాలు దిద్దించేది. పచారీ కొట్టు పొట్లాల కాగితాలు దాచుకుని చాటుగా చదువుకునేది. మగవాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చేటని ఒక్క కుదుపు కుదిపేది. అక్షరాలన్నీ మాయం. ఆవిడకి చదువొచ్చునని మా తాతయ్యకి కూడా తెలియదు. అంత సుఖమైన చదువు నేను మళ్ళీ ఎక్కడా చదువుకోలేదు.

తర్వాత అమ్మమ్మే నన్ను పడవెక్కించి ఏలూరులో మా అమ్మానాన్నల దగ్గరికి తీసుకొచ్చింది. పిల్లకి కొత్త పోయేదాకా ఉంటానంది. మా నాన్నగారు రైసు మిల్లులో గుమాస్తా. అమ్మమ్మ ఆయన ఎదుట పడేది కాదు. అల్లుడితో ఏం మాట్లాడాలన్నా తలుపు చాటునుంచే.

బడిలో నా కష్టాలు మొదటిరోజే మొదలయ్యాయి. మేష్టారు వాచకం చేతికిస్తే నేను దాన్ని తిరగేసి పట్టుకుని గడగడా చదివేశాను. పిల్లలు ఒకటే నవ్వు. "ఎవరిదగ్గరో బట్టీపట్టి వచ్చావు. పుస్తకం తిన్నగా పట్టుకోవే" అని ఆయన తిప్పి ఇచ్చారు. తిన్నగా పట్టుకుంటే నాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. పలకమీద రాతా అంతే. మేష్టారు నా ఎదుట నిలబడి వంగి చూస్తే అక్షరాలు సరిగ్గానే ఉండేవి. అదే పలక తీసుకెళ్ళి ఆయన చేతికిస్తే తలకట్లన్నీ కాళ్ళ కింద ఉండేవి, వరస కుడినుంచి ఎడమకి నడిచేది. "ఇది తెలుగా, ఉర్దూవా?" అని అరిచేవారు. మా క్లాసులో ఇంటిదగ్గర ఉర్దూ చదువుకునే సాయిబుల పిల్ల ఒకతి లేచి, "ఉర్దూ కాదండీ" అని సాక్ష్యం కూడా చెప్పింది.

ఆయన చెడ్డవారు కారు. నేను ఆయనతో వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. కొన్నాళ్ళు తిట్టి, చెవి మెలేసి, విసిగిపోయి మా నాన్నగారికి కబురు పెట్టారు.

ఆడపిల్ల చదువంటే మా నాన్నగారికి మొదట్నుంచీ అంతంతమాత్రమే. "మేష్టారే వద్దంటుంటే ఇంకేముంది, మాన్పించేద్దాం" అన్నారు అన్నం తింటూ. తలుపు చాటున అమ్మమ్మ అంతా వింది. మర్నాడు ఆయన నన్ను బడినుంచి తీసుకొచ్చేయడానికి బయల్దేరితే, కొంగు భుజాలనిండా కప్పుకుని వెనకాలే నడిచింది.

బడికొచ్చి కూడా, అలవాటుకొద్దీ, తలుపు చాటునే నిలబడింది. లోపల మేష్టారు నా పలక చూపించి, "ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనండి. తెలివితక్కువో, పొగరో నాకు అంతు పట్టడం లేదు" అంటున్నారు.

"పిల్లది తప్పు కాదండీ మేష్టారూ" అంది అమ్మమ్మ తలుపు అవతలనుంచి. "నేను నేర్పానండి."

"మీకు చదువొచ్చాండీ?"

అప్పుడు లోపలికొచ్చింది. అల్లుడి ఎదుటికి రావడం అదే మొదటిసారి. బల్లమీది వాచకం తీసుకుని, తిరగేసి పట్టుకుని, తలదించుకునే చదవడం మొదలుపెట్టింది. మాట ఎక్కడా తడబడలేదు. పేజీ అయ్యాక పుస్తకం మూసింది.

"మా అన్నయ్యకి పంతులుగారు అరుగుమీద ఇసకలో అక్షరాలు దిద్దించేవారండి. నన్ను పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. ఎదురుగా చింతపండు గింజలు తీస్తూ చూసి నేర్చుకున్నాను. నాకు కనపడ్డది అటువైపేనండి. అదే దీనికీ నేర్పాను. దీన్ని మాత్రం చదువు మాన్పించకండి బాబూ."

ఆ చివరిమాట అన్నది మేష్టారితో కాదు, మా నాన్నగారితో. ఆవిడ ఒకరిని అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మేష్టారు కుర్చీలోంచి లేచారు. నా పలకని ఈసారి తిప్పి చూశారు. "పిల్లకి అక్షరాలన్నీ వచ్చండీ! నేనే చూసుకోలేదు" అని, అమ్మమ్మవైపు తిరిగి, "అమ్మా, మీకెలా వచ్చో అలాగే రాయండి. కాకపోతే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయండి. దానికి తిన్నగానే కనపడుతుంది" అన్నారు.

మా నాన్నగారు నన్ను బడిలోనే వదిలి వెళ్ళారు. ఆ సాయంత్రం మిల్లునుంచి వస్తూ, తవుడు పొట్లం కట్టించి తెచ్చి తలుపు దగ్గర పెట్టారు.

అలా అమ్మమ్మ నన్ను ఒళ్ళోంచి దించింది. చేటకి అటు ఆవిడ, ఇటు నేను. ఒళ్ళో కూర్చుంటానని నేను రోజూ పేచీ పెట్టేదాన్ని. "ఇక్కడ కూర్చుంటే నీకు రాదమ్మా" అనేది. అక్షరాలు కుదురుకున్నాక కాలవరేవులో పడవెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను చాలా చదువుకున్నాను, పిల్లలకి చదువు చెప్పాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు పుస్తకం తిరగేసి పట్టుకుని ఒక పేజీ చదువుకుంటాను. అడుగుల చప్పుడు వినిపిస్తే తిప్పేస్తాను. మొదట్నుంచీ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంటే నాకు అక్షరాలు తిన్నగానే వచ్చేవి. ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆవిడ చేసిన తప్పల్లా అదే.