బతికుండగా తీసిన ఫోటో

నా చిన్నప్పుడు ఫోటోలు తీసే ఆయన సైకిలు మా ఊళ్లోకి వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. మాది సూళ్లూరుపేటకు అవతల, సముద్రపు ఒడ్డు. మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఫోటో తీయించేవాళ్లు. బతికుండగా తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని భయం.

అప్పుడు మా తాత జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. ఒక పొద్దున ఆ సైకిలు సరిగ్గా మా గుమ్మం ముందే ఆగింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చేశారు. నేను పరుగెత్తి తాత చెయ్యి పట్టుకున్నాను. వేడిగానే ఉంది.

అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది. "మనిషి బతికే ఉండాడు. పోప్పా ఈడ్నించి!"

"నేనే పిలిపించినా," అన్నాడు తాత లోపలి నుంచి. "సచ్చినాక తీస్తే నేను సూసేదెట్ల?"

లేవలేక లేచి, నా భుజం ఊతగా బయటికొచ్చాడు. "సముద్రం ఏటా ముందుకొస్తా ఉండాది. ముందు ఇల్లు తియ్యి అబ్బా," అన్నాడు. తాటాకు ఇల్లయ్యాక వీధి, ఒడ్డున ఆరేసిన వలలు, ఎండుచేపలకు కాపలా కూర్చున్న ముసలమ్మలు. వాళ్లయితే శాపనార్థాలు పెడుతూ ముఖాలు తిప్పుకున్నారు. చివరికి గుమ్మం ముందు తాను కూర్చొని నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. "బిడ్డనొద్దు, నీకు దండం పెడతా," అని అవ్వ ఏడ్చింది. తాత ఆమెనూ రమ్మన్నాడు. ఎంత బతిమాలినా రాక, తలుపు చాటుకు పోయి నిలబడింది.

ఆ తర్వాత చాలా రోజులు, నేను నిద్రపోతే అవ్వ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. ఆయుష్షు తరిగిన దాన్ని, ముసలిదాన్నై ఇదిగో ఈ కబుర్లు చెబుతున్నాను. తాత కూడా కోలుకొని మళ్లీ పడవెక్కాడు. ముందు పోయింది అవ్వే. ఆ రోజు గాలివాన. మా వీధి సగం సముద్రంలో కలిసింది. దారి తెగి సైకిలు రాలేకపోయింది.

మొన్న ఊరి బడిలో పాత ఫోటోలు గోడకు పెట్టారు. తాత తీయించినవే. ఇల్లుంది, వలలున్నాయి, బిక్కమొహంతో నేనున్నాను. వెనక తలుపు అంచున గాజుల చెయ్యి ఒకటి. మాకు మిగిలిన అవ్వ అంతే. ఆ గోడ దగ్గర చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు ఏ ఇంట్లో ఫోటో తీస్తున్నా నేను ముందుగా తలుపు చాటున చూస్తాను. నా మనవరాళ్లు నవ్వుతారు, నవ్వనీ. "నేనెందుకులే" అంటూ అక్కడెవరైనా నిలబడి ఉంటే, చెయ్యి పట్టి లాక్కొస్తాను.