బాబాయి చేతి గడియారం

మా బాబాయి ఊరికి నీళ్లు పంపే పంపుల కంట్రోల్ రూంలో ఆపరేటర్. ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఎదురుగా గోడ నిండా మీటర్లు, దీపాలు. అన్నీ పచ్చగా వెలుగుతున్నంతసేపూ ఆయన నోరు మూతపడదు. కళ్లు మాత్రం గోడమీదే ఉంచి, పక్కవాళ్ల చెవులు తినేస్తాడు. రెండు దీపాలు ఎర్రబడితే కబుర్లు ఆగిపోతాయి. నాలుగు ఎర్రబడ్డాయంటే చేతి గడియారం విప్పి సొరుగులో పడేస్తాడు. ఇక ఎదురుగా ఉన్న పని తప్ప మరేదీ పట్టదు; ఎవరు పిలిచినా పలకడు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తడు.

ఒకసారి పెద్ద పైపు పగిలిన రోజున ఆఫీసరు రుసరుసలాడుతూ వచ్చాడు. "పదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తవేమయ్యా?"

"మీకు జవాబు చెప్పనా, పైపు సంగతి చూడనా సార్? నాకున్నది ఒక్కటే బుర్ర," అన్నాడు బాబాయి.

ఆఫీసరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. నన్నడిగితే, ఆ మనిషికి ఆ మాత్రం పడాల్సిందే.

కానీ బాబాయి ఊరుకోవచ్చుగా! మొన్న ఆదివారం ఈ గడియారం కథంతా మా పిన్నికి పూసగుచ్చినట్టు చెప్పి మురిసిపోయాడు. పిన్ని అంతా శ్రద్ధగా విన్నది.

మర్నాడు సాయంత్రం అంది: "వంటింట్లో కొళాయి కారుతోందండీ. నెల నుంచీ చెబుతున్నాను."

"ఊఁ, చూద్దాంలే," అన్నాడు బాబాయి, పేపర్లోంచి తలెత్తకుండా.

పిన్ని తిన్నగా వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, గడియారం విప్పి సొరుగులో పడేసింది.

"ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను, వినండి."