మాంత్రికుణ్ణి శుక్రవారం పాము కరిచింది

కథల్లో మాంత్రికుణ్ణి చంపబోయినవాళ్లు చాలామందే ఉంటారు. పిసినారితనంతో చంపబోయింది మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే ఇది మా నాన్నగారి చెవిన వెయ్యకండి, ఆయనకి ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మాది నిడదవోలు బజార్లో కిరాణా షాపు. ఆదివారాలు రైలెక్కి రాజమండ్రి వెళ్లి, సుధ గారి మేడ మీద గదిలో నలుగురం కూర్చుని ఒక ఆట ఆడేవాళ్లం. సుధ గారు అడవులూ గుహలూ రాక్షసులూ ఉన్న కథ చెబుతారు. మిగతా ముగ్గురం ఆ కథలో తలో వేషం కట్టి, ఏం చేస్తామో చెప్పి పాచిక వేస్తాం. అది ఎలా పడితే అలా మా రాత. నా చిన్ననాటి స్నేహితుడు ప్రసాద్ మాంత్రికుడు, మేరీ గారు విలుకత్తె, నేను కత్తి పట్టిన వీరుణ్ణి. షాపువాళ్ల అబ్బాయిని కదా అని జట్టు డబ్బుసంచి కూడా నాకే అప్పజెప్పారు.

సంచంటే నిజం సంచి కాదు, పెన్సిల్‌తో కాగితం మీద రాసుకునే అంకె. అయినా ఆ అంకె చెరిపి తగ్గించాలంటే నాకు మనసొచ్చేది కాదు. ముగ్గురికీ కలిపి ఒకే దుప్పటి కొన్నాను. గుహలోకి కాగడా ఒక్కటి చాలన్నాను, ఆ చీకట్లో మేరీ గారి బాణం వచ్చి నాకే తగిలింది. పార్శిల్ అయితే ఎక్కువ కడతారని సత్రంలో రెండు భోజనాలు పార్శిల్ కట్టించి ముగ్గురికీ పంచాను. జట్టంతా చిక్కి సగమైపోయింది, సంచి మాత్రం నవనవలాడుతోంది.

ఒకసారి సెలవు కలిసొచ్చిందని శుక్రవారం కూర్చున్నాం. సాయంత్రానికి గుహలో పాము ప్రసాద్ మాంత్రికుణ్ణి కాటేసింది. ఈ ఆటలో చచ్చినవాడు మళ్లీ లేవడు. రెండేళ్లుగా వాడు ఒక్కొక్క మంత్రం నేర్పించి పెంచుకున్న మనిషి. రేవులో ఒక ముసలమ్మ దగ్గర విరుగుడు మందు ఉందనీ, సంచిలో సగం ఇస్తే ఇస్తుందనీ సుధ గారు చెప్పారు. అప్పుడే వీధిలో దీపాలు వెలిగాయి. నా పెన్సిల్ ఆగిపోయింది.

"రేపు పొద్దున్నే కొందామండి," అన్నాను.

"రేపటిదాకా అతను బతకడండి," అన్నారు సుధ గారు.

సంగతి చెప్పక తప్పలేదు. శుక్రవారం దీపాలు పెట్టాక మా ఇంట్లోంచి రూపాయి బయటికి వెళ్లదు. ఆ పూట లక్ష్మీదేవిని గడప దాటించకూడదని మా తాతగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఆటలో ఇవాళ ఏ వారమో ఎవరికి తెలుసన్నారు మేరీ గారు. నిడదవోల్లో మాత్రం శుక్రవారమేనన్నాను.

"అవి కాగితం మీద అంకెలండి," అన్నారావిడ.

"మా షాపులో ఉన్నవీ కాగితం మీద అంకెలేనండి."

ప్రసాద్ నవ్వలేదు. "నేను చస్తుంటే వారం చూస్తావేంట్రా," అని లేచి బండి తాళాలు తీసుకున్నాడు. ఈ పట్టుదలతో మాంత్రికుడే కాదు, స్నేహితుడు కూడా పోయేలా ఉన్నాడని నాకు భయం పట్టుకుంది. అయినా పెన్సిల్ కదిలితేనా.

సరిగ్గా అప్పుడే, ఏ రైలుకి వస్తున్నావని నాన్నగారు ఫోన్ చేశారు. న్యాయం నా పక్కనే ఉంటుందని ధీమాగా స్పీకర్ పెట్టాను.

"నాన్నా, మీరే చెప్పండి. ప్రసాద్‌ని పాము కరిచింది. విరుగుడు మందుకి డబ్బులిమ్మంటున్నారు. శుక్రవారం కదా, రేపిద్దామని ఆపాను."

"మనిషిని పాము కరిస్తే శుక్రవారమేంట్రా, వెధవా," అని ఫోన్ పెట్టేశారు. ఇది ఆట అని చెప్పేలోపే ప్రసాద్ ఫోన్ టింగుమంది. పదివేలు. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లోంచి శుక్రవారం సాయంత్రం డబ్బు బయటికి వెళ్లడం నేను చూసింది అదే మొదలు.

ఆ వెనకే వాడికి ఫోన్, ఆస్పత్రికి బయల్దేరారా అని. "బాబాయ్ గారూ, నాకేం కాలేదండి. ఆటలో పామండి," అన్నాడు వాడు. నాన్నగారు "హమ్మయ్య" అంటూ కుర్చీలో కూలబడ్డ చప్పుడు మాకూ వినిపించింది. నేను గబగబా సంచిలో సగం చెరిపేసి మందు కొనేశాను. మాంత్రికుడు లేచి కూర్చున్నాడు, ప్రసాద్ తాళాలు బల్ల మీద పెట్టాడు. నా గుండె మీంచి బియ్యం బస్తా దించినట్టయింది.

ఊపిరి తీసుకున్నాక నాన్నగారు షాపు గొంతులోకి వచ్చేశారు. "అయితే ఆ పదివేలూ ఇప్పుడే వెనక్కి పంపు నాయనా. శుక్రవారం పూట డబ్బు లోపలికి రావడం మంచిదే."

ప్రసాద్ నా వంక ఒకసారి చూసి, మహా వినయంగా అన్నాడు. "ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. దీపాలు పెట్టాక మా ఇంట్లోంచి కూడా రూపాయి బయటికి వెళ్లదండి. రేపు పొద్దున్నే పంపుతాను."

కనుక సమస్త మాంత్రికులకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట మిమ్మల్ని పాము కరిస్తే నేను వారం చూడను, వర్జ్యం చూడను, అప్పటికప్పుడు మందు కొంటానని మా షాపు కాటా మీద ఒట్టేసి చెబుతున్నాను. బేరం మాత్రం ఆడతాను.