పెద్దమ్మ పాట మీద నా పేరు

పోయిన నెల ఒక పొద్దున తంతి అందింది. మెదక్‌లో మా ఆడపిల్లల హాస్టల్ వంటావిడ పోయింది, సాయంత్రం సమాధి, బయల్దేరి రమ్మని. ఆ హాస్టల్లో చదువుకున్న వాళ్లందరికీ ఆవిడ పెద్దమ్మ. అసలు పేరు మాలో ఎంతమందికి తెలుసో చెప్పలేను. నేను మాత్రం తెలుసుకుని ఉండవలసినదాన్ని. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీలో చాలామంది ఆ చిన్న రికార్డు వినే ఉంటారు. నడుమ పెద్ద బొక్క ఉండి, మూడు నిమిషాల్లో అయిపోయే రకం. "పొయ్యి లేచె, పొగ లేచె, పొరుగింటి కోడి లేచె, నా బావ లేవడాయె." కొన్నాళ్లు అది మోగని హోటల్ లేదు, పెళ్లి పందిరి లేదు. రికార్డు నడుమ అంటించిన గుండ్రటి కాగితం మీద పాటకీ, బాణీకీ, గానానికీ కలిపి ఒకటే పేరు ఉంటుంది. ఆ పేరు నాది. గొంతు ఒక్కటే నాది. మిగతాదంతా పెద్దమ్మది.

బడి వదిలాక ఆమె వంటింటి వసారాలో చాట పట్టుకుని బియ్యం చెరిగేది. రెండు తట్లు, ఒక ఎగురవేత. ఆ వరసకే పాట. పిల్లలు చుట్టూ చేరి రాళ్లు ఏరుతూ వంత పాడేవాళ్లు. నేను వెళ్లేది పాట కోసం కాదు, అడుగంటిన బువ్వ కోసం. ఆ మాడు నా చేతిలో పెడుతూ "ఓ ముక్క పాడి పోవే" అనేది. నేను గొప్పకు పోయి రాగం సాగదీస్తే నవ్వేది.

"పాటకు ఉప్పెక్కువేస్తున్నవ్ బిడ్డా. ఉప్పు కూరలకు చాలు."

ఎవరికైనా ఒళ్లు వెచ్చబడిందంటే ఆమె నుదురు ముట్టుకునేది కాదు, మెడ మీద చెయ్యి వేసేది. "నొసలు అబద్ధమాడ్తది, మెడ ఆడది" అనేది. పొద్దున మంచం మంచం దగ్గరికీ వచ్చి లేపేది. పిల్ల లేచి కూర్చుని కళ్లు తెరిచేదాకా అక్కడినుంచి కదిలేది కాదు. మాకు అదొక తలనొప్పి. దుప్పటి ముసుగులోనే ఆమెను తిట్టుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి.

తర్వాత నేను పట్నంలో కాలేజీకి వెళ్లాను. అక్కడ పాటల పోటీలో పెద్దమ్మ పాట పాడితే, రికార్డులు తీసేవాళ్లు పిలిచారు. "బాణీ ఎవరిదమ్మా?" అని అడిగారు. "నాదే" అన్నాను. "బిడ్డ" తీసేసి "బావ" పెడితే కుర్రకారుకు పడుతుందన్నారు. దానికీ సరే అన్నాను. చాట తట్టు బొంగో డ్రమ్ముల మీదికి ఎక్కింది. పెద్దమ్మ గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. చదువురాని మనిషికి అచ్చులో పేరెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు చేసిన మేలును పదిమంది ముందు లేచి చెప్పాలి. రికార్డు పేరు మోగుతున్న రోజుల్లో నేను మెదక్ వెళ్లినప్పుడు, ఆదివారం ఆరాధనలో అందరి కళ్లూ నా మీదే. లేచి నిలబడి, "ప్రార్థనలో ఉండగా ప్రభువు ఈ బాణీ నాకు దయచేశాడు" అన్నాను. దొంగసొమ్ముకు దేవుణ్ణి సాక్షిగా పెట్టాను. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరసలో హాస్టల్ పిల్లలతో కూర్చున్న పెద్దమ్మ వైపు చూడలేకపోయాను.

బయటికి వచ్చాక ఆమే నా దగ్గరికి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని నా చెంప నిమిరింది.

"మంచిగ పాడినవ్ బిడ్డా. కని గా పాటల బావ యాడికెల్లొచ్చిండే?"

నేను నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది. ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత మెదక్ బస్సెక్కడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒక పని అడ్డం వచ్చేది.

తంతి అందిన రోజు నేను వెళ్లేసరికి పెద్దమ్మ శవపెట్టెను హాస్టల్ అన్నాల గదిలో పెట్టారు. ఈసారైనా నిజం చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. కొత్త వార్డెనమ్మ నన్ను గుర్తుపట్టి చేతులు పట్టుకుంది.

"మీ పాటంటె పెద్దమ్మకు మస్తు ఇష్టం. జర పాడుండ్రి."

"ఆ పాట నాది కాదు. పెద్దమ్మది. నేను అబద్ధం చెప్పిన" అన్నాను, అందరికీ వినబడేటట్టే.

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకప్పుడు నా పక్క మంచం పిల్ల, ఇప్పుడు బడిలో టీచరు, మెల్లగా అంది.

"మాకెర్కలేదా? నువ్వు సాక్ష్యం చెప్తుంటె నేను ఆమె పక్కనే ఉంటి. లేవబోతె చెయ్యి పట్టి గుంజింది. 'పిల్ల ఇజ్జత్ పోతది, కూసో' అన్నది. పాడు ఇగ."

పాడాను. స్టేజీల మీద అలవాటైన నాలుక, పెట్టె ముందు కూడా "నా బావ లేవడాయె" అంది. సిగ్గుతో అక్కడే ఆపేశాను. వాళ్లే అందుకున్నారు, "నా బిడ్డ లేవదాయె" అని. రికార్డులో ఉన్నవి రెండు చరణాలు. నాకు వచ్చినవీ అవే. వాళ్లు ఆగలేదు.

"పెట్టె లేచె, పాట లేచె,
పక్కనున్న జనం లేచె,
నా బిడ్డ లేవదాయె."

"ఇదెక్కడిది?" అన్నాను.

"ముందుగాల కట్టిందే ఇది" అంది టీచరు. "ఆమె బిడ్డ ఏడేండ్లప్పుడు నిద్రలనే పోయిందట. పొద్దుగాల లేపబోతె లేవలే. చాట పక్కకు పెట్టినంక ఇది పాడుతుండె. అప్పటికే నువ్వు మాడు తిని ఉరుకుతుంటివి."

వాళ్లు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మగవాళ్లు వంగి పెట్టెకు భుజం పట్టారు. పాడుతూనే అందరూ లేచారు, చిన్న తరగతుల పిల్లలతో సహా. వాళ్లకు కూడా మూడో చరణం వచ్చు. నేను అన్నాల బెంచీ మీద లేవకుండా కూర్చుని వింటూ ఉండిపోయాను.