ఎంత బియ్యం పొయ్యాల?

మా ఎదురింటి అవ్వ ఏ కబురు విన్నా మొదట అడిగేది ఒకటే. "ఎంతమంది వస్తారు? ఎంత బియ్యం పొయ్యాల?" పెళ్ళయినా అదే, చావయినా అదే.

ఒకసారి తళవాయిపురం బస్సును మా వీధి మొనలో నిలిపేది మానేసినారు. కాలేజీ పిల్లలం ఫోన్‌లో పోస్టు పెట్టినాము, ఆదివారం పొద్దున అందరం స్టాపులో కూచుందామని. దండిగా లైకులు వచ్చినాయి. అవ్వకు చూపించి, "ఊరంతా మన పక్కమే అవ్వా" అంటిని. అవ్వ కళ్ళజోడు తుడుచుకొని ఆ అంకెను బాగా చూసింది. లైకు వేసినవాళ్ళంతా వస్తారని లెక్క కట్టుకొనిందని నాకు తెలవలేదు.

ఆదివారం స్టాపులో మేము పట్టుమని పదిమందిమి లేము. అవ్వ మాత్రం వ్యానులో రెండు అండాల పులిసాదం, అదే పులిహోర, అరిటాకుల కట్ట తెచ్చి దించింది.

"మిగతావాళ్ళు యాడ?" అనింది. "లైకు వేసినారు, అంతే అవ్వా" అంటిని.

అవ్వకు కోపం రాలేదు. కొంగు దోపుకొని, దారిన పోయేవాళ్ళందరినీ చెయ్యి పట్టి కూచోబెట్టింది. కొంచేపటికి పంక్తి రోడ్డు మీదికి వచ్చేసింది. బస్సు పోయేదానికి దారి లేక నిలిచింది. అవ్వ కండక్టరుకూ ఒక ఆకు వేసింది.

అతను చెయ్యి కడుక్కుంటా, "రేపు కూడా ఉంటుందా పాట్టీ?" అని అవ్వను అరవ పిలుపుతో అడిగినాడు.

"నిలిపితే ఉంటుంది."

సోమవారం బస్సు నిలిచింది. అవ్వ మెట్టు మీద ఒక కాలు పెట్టి, లోపలికి తొంగి చూసి, కండక్టరును అడిగింది.

"ఎంతమంది ఉన్నారు?"