నాయిన నంబరుకు రింగు పోయింది

దయ్యాలు గియ్యాలు అంటే నేను నవ్వెటోన్ని. తాండూరు చుట్టుపక్కల సెల్ టవర్లు ఎక్కి రిపేర్లు చేసుడు నా పని. అంత ఎత్తుల ఒక్కన్నే ఉంట, ఎన్నడు ఏ దయ్యం పలకరియ్యలే.

ఫోను సంగతి గింతే. ఆన్‌ల ఉన్న ఫోను దగ్గరున్న టవరుకు నేను గీడ ఉన్న అని చెప్పుకుంటనే ఉంటది. మనం పోతుంటే గా టవరు ఇంకో టవరుకు అప్పజెప్తది. బ్యాటరీ సచ్చిన ఫోను ఏడున్నదో ఏ టవరుకు తెల్వదు. దానికి రింగు పోదు.

మా నాయిన గొర్లు కాసెటోడు. బషీరాబాద్ దిక్కు మాకున్న ఒక్క ఎకరంలనే ఆయనను బొందవెట్టినం. మా ఇండ్లల్ల పోయినోళ్లకు ఇష్టమైనయి పక్కన పెడ్తరు. గొంగడి, బీడీకట్ట, ఆయన చిన్న ఫోను. ఫోను నా చేతులతోనే పెట్టిన, మన్ను గూడ నేనే పోసిన. సిమ్ము తీసుడు మర్సిపోయిన.

రోజు పగటీలి ఫోన్ చేసి తిన్నవారా అని అడిగెటోడు. పోయినంక గా యాళ్లకు నేనే ఆయన నంబరుకు చేస్తుంటి, స్విచాఫ్ అని ఇని పెట్టేస్తుంటి. రీఛార్జి గూడ చేయిస్తుంటి. పిచ్చోడనుకోండ్రి.

నాలుగు నెలలకు ఒకనాడు రింగు పోయింది. ఎత్తిండ్రు. అవుతల మా అన్న గొంతు. "లేఖరి సారూ, తమ్ముడు ఒప్పుకున్నడు. ఇగో, సంతకం." అంతే, కట్టయింది.

అన్న పొద్దుగాల కండ్లు చూపించుకుంట అని వికారాబాద్ పోయిండు. నేనే బస్సెక్కించిన. అన్న ఫోనుకు చేస్తే ఎత్తలే. లేఖరి అన్నడు గదా, వికారాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు దిక్కు బండి తీసిన.

ఆఫీసు పక్కన దస్తావేజులు రాసే దుకాణంల అన్న కూసున్నడు. బల్ల మీద ఎకరం అమ్మే కాగితం, దాని మీద సంతకం జాగల నా పేరు, అన్న రాతల. అన్న బడికి పోలే. ఆయనకు రాసుడు నేర్పింది నేనే, పలక మీద నా పేరు గూడ రాయించిన. గా రాతతోనే నాయిన పండుకున్న జాగ అమ్మవట్టె.

కాగితం చింపేసిన. నాయిన ఫోను తవ్వుకున్నడేమో అని అందరి ముందట అన్న జేబులు వెతికిన. ఆయన సొంత ఫోనే ఉన్నది.

అన్న చింపిన ముక్కలు ఏరుకుంటున్నడు. "సంతకం చూపెడ్తుంటే నాయిన ఫోను మోగిందిరా," అన్నడు. "నేను గూడ జేబులే చూసుకున్న."

లేఖరి మాత్రం తనకేం ఇనవడలే అన్నడు.

సాయంత్రం నాయిన బొంద కాడికి పోయి చూసిన. మన్ను కదలలే, పైన గడ్డి మొల్సింది. మాతోని పనిచేసెటోళ్లు లైను క్రాసయి ఉంటదన్నరు. అయి ఉంటది. గా మాటలే ఎట్ల క్రాసయినయో ఎవ్వరు చెప్పలే, నాకు గూడ ఇప్పటిదాంక అంతు చిక్కలే.

ఇప్పటికీ రోజు నాయిన నంబరుకు చేస్త. స్విచాఫ్. అన్న ఫోను ఎప్పుడు ఆన్‌లనే ఉంటది, చేస్తే రింగు పోతది. నేనే చెయ్య.