కొండ దిగే పాట

ఆళ్లగడ్డ దగ్గర మా పుట్టింటి ఊళ్లో, కొండకు మేతకు పోయిన ఆవులను సాయంత్రం ఒక పాటతో పిలిచేవారు. ‘కొండ దిగి రావే ఎర్ర మొగం తల్లీ, కోనలో చీకటి పడతాందే’ అని మొదలయ్యేది. మాటలు కొన్నే, మిగిలిందంతా సాగదీయడమే. పొద్దు కుంకే వేళ ఆ రాగం వింటే నల్లమల కొండే లేచి మెల్లగా మన వైపు నడిచొస్తున్నట్టుండేది. మా అమ్మ పాలు పితికేటప్పుడు అదే పాటను గొంతు తగ్గించి, నిద్రలో ఉన్నట్టు పాడేది.

ఆ పాట ఎవరి సొత్తూ కాదు. శిరివెళ్ల బండ్లవాళ్లు దాన్ని ఎద్దుల అడుగులకు సరిపోయేట్టు ముక్కలు చేసి పాడేవారు. అడవిలో చెంచువాళ్లు మాటలు వదిలేసి ఒట్టి రాగం తీసేవారు. తిరునాళ్లలో ఒక నాటకాలాయన హార్మోనియం మీద వాయించి, అది తాను కట్టిందేనన్నాడు. ఎవరిది వాళ్లకు అసలు పాట. మాదే అసలని నేనిప్పటికీ అంటాను, ఎవరేమనుకున్నా సరే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో పెళ్లయి నంద్యాల వచ్చాను. అప్పటికే అమ్మ లేదు. ఆమె సాకిన ఆవును, దూడతో సహా, నాయన నాకు అరణంగా ఇచ్చి వెంట తోలించాడు. అత్తగారింటికొచ్చాక అది పాలు చేపడం మానేసింది. దూడ పొదుగును కుమ్మినా చుక్క రాలేదు. మా అత్త పితుకుతూ నంద్యాల పాట పాడేది. అందులో కొండ లేదు, ‘కాలవ దాటి రావే’ అని ఉండేది. ఆ వేగానికి వడ్లు దంచుకోవచ్చు.

“నీ ఆవు గూడా నీ మాదిరే బిగదీసుకోని ఉంది” అని అత్త ఎగతాళి చేసింది.

మామ ఎగతాళి చేయలేదు. “సంతకు తోలేద్దాం. పాలిచ్చే ఎనుమును తెచ్చుకుందాం” అన్నాడు.

ఆవు పోతే అమ్మ రెండోసారి పోయినట్టే నాకు. దానికి ఏ పాట కావాలో తెలుసు. కానీ కొత్తకోడలు మామ ఎదుట గట్టిగా మాట్లాడటమే తప్పు, ఇక పాడటమా?

సంత రోజు తెల్లవారుజామున కుందూ వైపు నుంచి మంచు కమ్ముకొచ్చింది. మామ పలుపు కోసం వాకిట్లోకి వెళ్లాడు. నేను అత్త చేతిలోని చెంబు తీసుకుని పొదుగు దగ్గర కూర్చుని పాట ఎత్తుకున్నాను. ఆవు చెవులు నా వైపు తిప్పింది. చివరి చరణం దగ్గర నోరాగిపోయింది. ఎంత వెదికినా అమ్మ మాటలు దొరకలేదు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నోటికొచ్చింది కట్టేశాను.

‘ఈడనే గడ్డుంది, ఈడనే నీళ్లుండాయి, ఇంగ యాడికీ పోవద్దులేవే తల్లీ.’

అది అమ్మ పాట కాదు. అయినా పొదుగు మెత్తబడింది, చెంబులో నురగ లేచింది. తలెత్తితే గడపలో మామ, చేతిలో పలుపు. పాట విన్నాడని తెలిసి నా ప్రాణం పోయింది. ఆయన పలుపును చిలక్కొయ్యకు తగిలించాడు.

“పొద్దెక్కింది. ఇంగేం సంత” అన్నాడు, మంచింకా విడవకముందే.

కొన్నాళ్లకు నేను నీళ్లకు పోయి వచ్చేసరికి అత్త పాలు పితుకుతోంది. పాడుతున్నది ఆమె నంద్యాల పాటే, అదే దంపుళ్ల వేగం. చివరికి వచ్చేసరికి వేగం తగ్గించింది.

‘ఇంగ యాడికీ పోవద్దులేవే తల్లీ.’

నేను వచ్చినట్టు ఆమెకు తెలియదు. ఆవుతోనే అంది. ఆ ఇంట్లో అప్పటిదాకా నన్ను ఉండమని ఎవరూ అనలేదు. బిందె దించడం మరిచిపోయి, ఆమె మళ్లీ అంటుందేమోనని అక్కడే నిలబడ్డాను.